చాకలి గుర్తు చూసి ఊరు చెప్పిన కాలం

హత్య కేసులో హంతకుడెవరన్నది రెండో ప్రశ్న. చనిపోయిందెవరన్నది మొదటిది. పేరు తెలిస్తే ఇల్లు తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే అప్పులు, తగాదాలు, ఆఖరిసారి ఎవరితో కలిసి బయల్దేరాడన్నది ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. పేరే తెలియకపోతే ఎంత సమర్థుడైన ఇన్‌స్పెక్టరైనా అక్కడే ఆగిపోవాల్సిందే. బరంపురం, ఇచ్ఛాపురం చుట్టుపక్కల స్టేషన్లలో, కోర్టుల్లో, పోస్టుమార్టం గదుల్లో పనిచేసిన పాతతరం వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళు శవానికి పేరు వెదికిన తీరు ఇప్పటి పిల్లలకి బొత్తిగా తెలియదు. అందుకే ఇక్కడ రాసిపెట్టడం.

ముందు ఈ నేల గురించి. హౌరా-మద్రాసు రైలుమార్గం, పాత 5వ నంబరు జాతీయ రహదారి (ఇప్పుడది 16) ఈ మేర రెండూ దగ్గర దగ్గరగా సాగుతాయి. ఒడిశా కొసన గిరిసోల గేటు, అది దాటగానే ఆంధ్రాలో పురుషోత్తపురం చెక్‌పోస్టు. సముద్రం వైపు మొగలి తోపులు, మధ్యలో బాహుదా ఏరు. 1936 ఏప్రిల్ 1న బరంపురం ఒడిశాలోకి పోయి, ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయాయి. పెళ్ళిళ్ళు, సంతలు, అప్పులు మాత్రం సరిహద్దు గీతకి రెండు పక్కలా అలాగే నడిచాయి. రాత్రిపూట లారీలోంచో రైల్లోంచో ఒక మనిషిని కిందికి తోసేసి పోతే, తెల్లారేసరికి తోసినవాడు వంద మైళ్ళ అవతల ఉంటాడు. పడున్నవాడు ఈ జిల్లాల మనిషి కానే కాకపోవచ్చు.

మొగలి విరగబూసేది వానాకాలంలో. కోతవాళ్ళు చీకటితోనే పొదల్లోకి దిగుతారు. ఎండెక్కితే పూవులో వాసన తగ్గిపోతుంది, అత్తరు బట్టీవాళ్ళు ధర కోస్తారు. కాబట్టి తోపుల్లో శవం మొదట కంటబడేది వాళ్ళకే. వాన, ఉక్క కలిసిన రోజుల్లో శవం ఎవరి కోసమూ ఆగదు. వేడి రోజుల్లో పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల్లో పొట్ట కుడివైపు కింద ఆకుపచ్చ మచ్చ తేలుతుంది. రోజున్నర తిరిగేలోపు ఒళ్ళు ఉబ్బి, పెదాలు, కనురెప్పలు వాచిపోయి, కన్నతల్లి చూసినా పోల్చుకోలేని ముఖం అవుతుంది. ఈగలు పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పురుగులవుతాయి. అంటే కబురు స్టేషనుకి చేరేసరికే ముఖం చూసి గుర్తుపట్టే అవకాశం సగం చేజారిపోయి ఉండేది.

కబురు మోసుకొచ్చేది ఆంధ్రా వైపు గ్రామ మునసబు, ఒడిశా వైపు గ్రామరక్షి. మునసబు రాసే రిపోర్టు నాలుగైదు వాక్యాలకి మించేది కాదు. కానీ అతనికి ఊళ్ళో ఎవడు కలకత్తా పోయాడు, ఎవడు అలిగి వెళ్ళిపోయాడు, ఎవడి పొలం తగాదా ఎంతదాకా వచ్చింది అన్నీ నోటికొచ్చు. శవాన్ని చూసి 'మా ఫిర్కాలో ఇలాంటివాడు లేడు' అని మునసబు అంటే ఆ మాటకి విలువుండేది. 1984 జనవరిలో ఆంధ్రాలో మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. వంశపారంపర్య పదవులు పోవడం మంచిదే. కాకపోతే ఊరి మనుషుల పద్దు మొత్తం బుర్రలో పెట్టుకున్నవాడు స్టేషనుకి మళ్ళీ దొరకలేదు.

రైలు పట్టాల మీది శవం మరీ చిక్కు. పలాస దాకా పట్టాలు ఖుర్దారోడ్ డివిజన్‌వి. ఇచ్ఛాపురం దగ్గర శవం పడితే కేసు మాత్రం ఆంధ్రా రైల్వే పోలీసులది. డ్రైవరు తరవాతి స్టేషనులో మాస్టరుకి మెమో ఇస్తాడు, మాస్టరు పోలీసులకి మెమో రాస్తాడు. అందులో కిలోమీటరు సంఖ్య, పక్కన టెలిగ్రాఫ్ స్తంభం సంఖ్య ఉండాలి. రాత్రి వేగంలో డ్రైవరు స్తంభం ఒకటి అటూఇటుగా చెప్పాడా, లాంతర్లు పట్టుకుని మనుషులు ఒక చోట వెదుకుతుంటే శవం ఇంకోచోట ఉండేది. ఈలోగా మరో రెండు గూడ్సులు దాని మీదుగా పోయేవి.

చంపి పట్టాల మీద పడుకోబెట్టే పద్ధతి చాలా పాతది. కళ్ళు తెరిచి చూస్తే అది దాగదు. బతికున్న మనిషిని రైలు తొక్కితే కంకర నిండా రక్తం చిమ్ముతుంది, తెగిన చర్మం అంచులు రక్తం ఇంకి ఎర్రగా ఉంటాయి. చచ్చి గంటలు గడిచిన శరీరం తెగితే అంచులు పాలిపోయి, పసుపుగా, ఎండినట్టు ఉంటాయి. చక్రాల గ్రీజు అంటుతుంది గానీ కింద నెత్తురుండదు. వెల్లకిలా పడున్న శవానికి నెత్తురు దిగిన నీలిమచ్చలు వీపున కాకుండా రొమ్మున కనిపిస్తే, చచ్చాక ఎవరో తిరగేశారన్నమాట. మెడ సరిగ్గా పట్టాల మీదే తెగి ఉంటే ఉరి తాడు జాడ చెరపడానికి అలా పెట్టారేమోనన్న అనుమానం మొట్టమొదట రావాలి. తొందరలో దాన్ని 'రైలు కింద పడి మృతి' అని రాసేస్తే హత్య కేసన్నదే పుట్టదు. అలా పుట్టకుండా పోయిన కేసులు ఈ లైనులో ఉండే ఉంటాయన్న బాధ పాతవాళ్ళందరిలోనూ ఉంది.

ఇక బట్టలు. ఆ రోజుల్లో సగం దర్యాప్తు వాటి మీదే నడిచేది.

ఇంటింటి బట్టలూ ఒకే మూటలో రేవుకి పోయేవి కాబట్టి చాకళ్ళు ఇంటికో గుర్తు పెట్టుకునేవారు. నల్లజీడి గింజని సూదితో గుచ్చితే జిడ్డుగా రసం ఊరుతుంది. అదే సూది మొనతో గుడ్డ మీద చుక్కలు, గీతలు పెట్టి, పైన తడిసున్నం అద్దేవారు. పెట్టినప్పుడు గోధుమరంగులో ఉన్న గీత గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఆ తరవాత బండకేసి బాదినా, చాకిబానలో ఉడకబెట్టినా పోదు. రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది కనక అది అలవాటైన చెయ్యే చేయాలి. గుర్తు చొక్కాకైతే కాలరు లోపల, పంట్లాముకి నడుం పట్టీ లోపల, పంచెకీ లుంగీకీ మూల అంచున ఉండేది. మూడు చుక్కల కింద అడ్డగీత ఒక ఇల్లు, గీతకి రెండు వైపులా చుక్కలు ఇంకో ఇల్లు. ఒక్కో చాకలి కుటుంబానికి తమదైన మూలగుర్తు ఉండి, దాని పక్కన ఇంటిగుర్తు చేరేది. అందుకే ఏదో ఒక రేవులో పెద్దవాళ్ళకి చూపిస్తే, తమది కాకపోయినా అది ఎటువైపు వాళ్ళ చెయ్యో చెప్పగలిగేవారు. అలా ఒక రేవు నుంచి ఇంకో రేవుకి, చివరికి ఒక వీధికి, ఒక ఇంటి గుమ్మానికి దారి తేలేది.

గుర్తు పట్టుకుని తిరగడానికీ ఒక పద్ధతుంది. గుడ్డలో ఆ ముక్క కోసి జేబులో వేసుకుపోకూడదు. కోస్తే, ఈ ముక్క ఆ చొక్కాదేనని కోర్టులో రుజువు చేయడం మరో పని. పల్చటి కాగితం పైన పరిచి, పరిమాణం మారకుండా దింపుకుని, ఆ నకలు పట్టుకుని తిరగాలి. చుక్క ఒకటి వదిలేసినా ఇల్లు మారిపోతుంది. నెత్తురు కింద గుర్తు మరుగైతే చన్నీళ్ళలో నానబెట్టాలి గానీ వేణ్ణీళ్ళు తగలనివ్వకూడదు. వేడికి నెత్తురు గుడ్డకి పట్టేసి ఇక వదలదు. అసలు ఆ నెత్తురు ముక్క ముందుగా పరీక్షకి తీసి పెట్టాకే నానబెట్టడం.

కాలరు వెనక భాగం కోసేసిన చొక్కాలూ దొరికేవి. చూడ్డానికి దారి మూసేసినట్టే ఉంటుంది. నిజానికి అది ఒక దారి తెరుస్తుంది. దోచుకుని పారిపోయే దొంగ చీకట్లో కాలరు కోస్తూ కూర్చోడు. పేరు బయటపడితే తన దగ్గరికే వస్తారని భయపడినవాడు, అంటే చనిపోయినవాడికి దగ్గరి మనిషి, ఆ పని చేస్తాడు. అలాంటివాడు కూడా బనీను లోపలి అంచుని, పంట్లాము నడుం పట్టీని మరిచిపోతూ ఉంటాడు. పంచనామాలో 'నీలం చొక్కా, ఖాకీ పంట్లాము' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఇవన్నీ పోయినట్టే. ప్రతి బట్టనీ తిరగేసి, లోపలి వైపు బయటికి తీసి, ఒక్కో కుట్టూ వెలుతుర్లో చూడాల్సిందే.

దర్జీ పట్టీ ఉంటే పని తేలిక. లేకపోయినా దర్జీ చెయ్యి తెలిసిపోతుంది. కాజాలు చేత్తో కుట్టాడా, మిషను మీదా? జేబు లోపల అస్తరు ఏ గుడ్డది? చాలామంది దర్జీలు వేరే ఖాతాదారు తాలూకు మిగులు ముక్కలే జేబులకి వాడేవారు. ఆ ముక్క చూపిస్తే అది ఏ పండక్కి ఎవరికి కుట్టిన గుడ్డో చెప్పిన దర్జీలుండేవారు. కొలతల పుస్తకంలో ఛాతీ, భుజం, చేతి పొడవు రాసి ఉంటాయి కాబట్టి, చొక్కాని టేపుతో కొలిచి ఆ అంకెలతో పుస్తకాలు తిరగేసేవారు. గుడ్డ తాను అంచు మీద మిల్లు పేరు మిగిలి ఉంటే, ఆ రకం గుడ్డ ఏ కొట్టుకి వచ్చిందో టోకు వ్యాపారి దగ్గర తేలేది. రెడీమేడ్ చొక్కాలొచ్చాయి, ఇంటింటికీ వాషింగ్ మిషన్లొచ్చాయి, రేవులు ఖాళీ అయ్యాయి. ఇవాళ శవం ఒంటి మీద దొరికే చొక్కా పట్టీ ఒక పెద్ద కంపెనీ పేరు మాత్రమే చెబుతుంది. అలాంటి చొక్కాలు దేశమంతా ఉన్నాయి.

జేబులో అట్ట టికెట్ దొరికితే అదృష్టం. పాత రైలు టికెట్లు మందపాటి అట్టవి, రెండుంబావు అంగుళాల పొడవు. ఎక్కిన ఊరు, దిగాల్సిన ఊరు, వరుస సంఖ్య అచ్చు వేసి ఉండేవి. తేదీ మాత్రం బుకింగ్ గుమాస్తా చేతిమిషనులో పెట్టి నొక్కేవాడు. సిరా ఉండదు, అట్టలోకి దిగిన నొక్కు. అందుకే ఏట్లో నానిన టికెట్ మీద అక్షరాలు చెదిరినా, ఆరబెట్టి పక్కనుంచి టార్చి వెలుగు వేస్తే తేదీ చదవొచ్చు. టికెట్లు సంఖ్య వరసలోనే అమ్మేవారు కాబట్టి, స్టేషను లెక్కల పుస్తకంలో ఏ బండికి ఏ సంఖ్య దాకా పోయాయో చూస్తే ఈ మనిషి ఏ బండి ఎక్కాడో తెలిసేది. బస్సు టికెట్టుకీ అంతే. కండక్టరు వేబిల్లులో ప్రతి స్టేజీకీ మొదటి సంఖ్య, ఆఖరి సంఖ్య ఉంటాయి. అయితే డిపోలు ఆ కాగితాల్ని ఎల్లకాలం దాచవు. ఆలస్యంగా అడిగితే తూకానికి అమ్మేశాక అడిగినట్టు. చెక్‌పోస్టు రిజిస్టర్లలో లారీ నంబరు, గంట, నిమిషం ఉండేవి, అవి కూడా హత్య కేసులకి పనికొచ్చేవి. 2017లో జీఎస్టీ వచ్చాక పన్నుల గేట్లతో పాటు ఆ రాతా పోయింది.

సరిహద్దు శవాల దగ్గర అందరూ తప్పటడుగు వేసేది భాష దగ్గర. ముంజేతి మీద పచ్చబొట్టు ఒడియా అక్షరాల్లో ఉంటే ఒడియావాడని రాసేస్తారు. బరంపురంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్ళున్నారు, బడి చదువు ఒడియాలో. వాళ్ళ పిల్లవాడు పచ్చబొట్టు వేయించుకుంటే ఒడియాలోనే వేయించుకుంటాడు. ఆడమనిషైతే మెడలో రెండు పుస్తెలున్నాయా, చేతికి శంఖుగాజులున్నాయా అని చూసి జాతి తేల్చడం ఇంకో అలవాటు. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో రెండు ఆచారాలూ కలిసిన ఇళ్ళు బోలెడు. పైగా హంతకుడు ముందుగా లాక్కుపోయేవి ఆ నగలే. నగ పోయినా దాని జాడ పోదు. ఉంగరం ఏళ్ళ తరబడి ఉన్న వేలి మీద తెల్లటి వలయం, మెట్టెల కింద కాయగాసిన చర్మం, చెవికి ఎన్ని కుట్లు, ముక్కు ఏ వైపు కుట్టించారు, ఇవన్నీ రాసుకోవాలి. అరచేతిలో కాయలు ఏ పనివో చూడాలి: తెడ్డు పట్టిన చెయ్యి, గునపం పట్టిన చెయ్యి, మగ్గం మీద కూర్చున్న చెయ్యి ఒకలా ఉండవు. వెదుకులాట మాత్రం రెండు భాషల్లోనూ, రెండు వైపులా జరగాలి. ఒక వైపే వెదికిన కేసులు ఎక్కువగా మూతపడ్డాయి.

వేలిముద్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. శవం వేలిని కాగితం మీద దొర్లించడం కుదరదు. బిగిసిన పిడికిలి విప్పాలంటే వేళ్ళు పట్టి లాగకూడదు, మణికట్టుని లోపలికి గట్టిగా వంచితే నరాలు సడలి వేళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. వేలి కొన తుడిచి, స్పిరిటుతో అద్ది, ఆరాక పల్చగా సిరా పూసి, గరిటె గుంటలాంటి వంపు పట్టీలో కాగితం ముక్క పెట్టి, కాగితాన్నే వేలి చుట్టూ తిప్పాలి. నీళ్ళలో నానిన వేలి కొనలు ముడతలు పడి ఉంటాయి. వేలి మొదటి కణుపు దగ్గర సూది దించి గ్లిసరినో నీళ్ళో ఎక్కిస్తే చర్మం పొంగి గీతలు తేలతాయి, ఎక్కించింది వెనక్కి కారకుండా దారంతో కట్టాలి. మరీ నానితే చేతి చర్మం తొడుగులా ఊడొస్తుంది. తెలియనివాళ్ళు దాన్ని పారేస్తారు. ముద్ర ఉండేది దాని మీదే. ఆ తొడుగుని సాంకేతికుడు గ్లవుజు వేసుకున్న తన వేలికి ఎక్కించుకుని ముద్ర తీస్తాడు. పది వేళ్ళకీ పది గళ్ళు, ఏ వేలిది ఆ గడిలోనే పడాలి. కుడి ఎడమలు తారుమారైతే వేలిముద్రల బ్యూరోలో వర్గీకరణే తప్పుతుంది.

ఇంత చేసినా జవాబు దొరికేది బ్యూరోలో ఆ మనిషి ముద్ర ముందే ఉంటేనే. 1897లో కలకత్తాలో మొదటి బ్యూరో పెట్టినప్పటి నుంచీ ఆ అరల్లో ఉన్నవి ఎక్కువగా శిక్షపడినవాళ్ళ ముద్రలు. ఏ నేరమూ చేయని కూలీ, వంటవాడు, పల్లె నుంచొచ్చిన ఆడపిల్ల అక్కడ ఉండరు. నేరం చేసినవాడి శవానికి పేరు దొరికి, పాపం పుణ్యం ఎరగని మనిషికి దొరక్కపోవడం ఈ పద్ధతిలో ఉన్న పెద్ద అన్యాయం. 2022లో దేశమంతటి వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థ నాఫిస్ వచ్చాక వెదకడం నిమిషాల పనైంది, దేశమంతా ఒకేచోట వెదకొచ్చు. అరల్లో ఉన్నవాళ్ళు మాత్రం ఎక్కువగా ఆ కోవవాళ్ళే. ఆధార్‌లో అందరి ముద్రలూ ఉన్నాయి కదా అని చాలామంది అడుగుతారు. ఆధార్ చట్టం 29వ సెక్షను ఆ ముద్రల్ని ఎవరికీ ఇవ్వనివ్వదు.

ఫోటో తీయడమూ ఒక విద్యే. దొరికిన చోట దొరికినట్టు ఒకటి, ఆ తరవాత ముఖం కడిగి, జుట్టు దువ్వి, దవడ మూసి, రెప్పల కింద దూది పెట్టి ఇంకోటి తీయాలి. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు. చెవులు తప్పక పడాలి, ఎందుకంటే ముఖం ఉబ్బినా చెవి ఆకారం చాలావరకు నిలుస్తుంది. పాత నలుపు-తెలుపు ఫోటోల్లో రంగు మారిన చర్మం కంటికి కొట్టదు, చూసేవాళ్ళు భయపడకుండా ముఖం వైపు చూడగలిగేవారు. రంగుల ఫోటో చూసి తల తిప్పేసుకున్న తల్లిదండ్రులు మళ్ళీ చూడరు.

ఆ ఫోటో పేపర్లో పడాలి. ఏ పేపర్లో? బరంపురం స్టేషను ఒడియా పత్రికలకిస్తుంది. ఇచ్ఛాపురంలో వాటిని ఎంతమంది చదువుతారు? శ్రీకాకుళం వైపు ఇచ్చిన ప్రకటన సూరత్ మరమగ్గాల దగ్గరున్న గంజాం కుర్రాడి అన్నకి ఎలా చేరుతుంది? 1989లో తెలుగు పేపర్లకి జిల్లా అనుబంధాలు మొదలయ్యాక ఊరి వార్తలకి చోటు పెరిగింది. గుర్తు తెలియని శవం ప్రకటన మాత్రం ఆ అనుబంధంలోకి దిగి, పక్క జిల్లాకి కూడా కనిపించకుండా పోయింది. చిన్న ప్రాంతానికే పరిమితమైన ఆ పేజీ ఒక్కోసారి దర్యాప్తుకి వరం కూడా. 1935 సెప్టెంబరులో ఇంగ్లండులోని లాంకాస్టరులో రక్స్టన్ అనే డాక్టరు ఇద్దరు ఆడవాళ్ళని చంపి, ముక్కలు చేసి, సరిహద్దు దాటించి స్కాట్లండులో మోఫట్ దగ్గర వాగులో పడేశాడు. ముక్కలు చుట్టిన కాగితాల్లో 'సండే గ్రాఫిక్' పత్రిక ఒకటి, లాంకాస్టరు పరిసరాల్లో మాత్రమే అమ్మిన ప్రత్యేక ప్రతి. శవాలు పరాయి దేశంలో పడినా ఆ ఒక్క కాగితం ఊరు చెప్పేసింది. మన వైపు కూడా మూట చుట్టిన పేపరుని నెత్తురంటిందని పారేయకుండా, అది ఏ జిల్లా అనుబంధమో, ఏ తేదీదో చూడాలని పాత ఇన్‌స్పెక్టర్లు కొత్తవాళ్ళకి ముందుగా నేర్పేవారు.

పోస్టుమార్టం బల్ల మీద జరిగే పొరపాట్లలో అన్నిటికంటే నష్టం చేసేది సీసాలో పోసే ద్రావకం. విషం పరీక్షకి పంపే కడుపు, కాలేయం, మూత్రపిండాల ముక్కల్ని చిక్కటి ఉప్పునీళ్ళలో వేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే విషమూ సరిగ్గా తేలదు, డీఎన్‌ఏ కూడా చెడిపోతుంది. డీఎన్‌ఏ కోసమైతే గట్టి దవడ పన్ను, తొడ ఎముక ముక్క ఏ మందూ కలపకుండా ఆరబెట్టి తీయాలి. బట్టల్ని తడి మీద ప్లాస్టిక్ సంచిలో మూటగడితే రెండు రోజుల్లో బూజు పట్టి, నెత్తురు మరకలు ఎందుకూ పనికిరాకుండా పోతాయి. నీడలో ఆరబెట్టి, ఒక్కోటీ వేరువేరు కాగితంలో చుట్టాలి. ఎముకలే మిగిలితే కటి ఎముక ఆడా మగా చెబుతుంది, జ్ఞానదంతం పదిహేడు దాటిందా లేదా చెబుతుంది, తొడ ఎముక పొడవుకి మూడు ముప్పావు రెట్లు వేస్తే ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఈ ఉజ్జాయింపుని పక్కాగా రాయడం ప్రమాదం. వయసు 'ముప్పై' అని రాస్తే, ఇరవయ్యారేళ్ళ కొడుకు కోసం వెదికే తండ్రి ఆ ప్రకటన మీదుగా వెళ్ళిపోతాడు. 'ఇరవయ్యైదు నుంచి ముప్పైయైదు' అని రాయాలి.

తప్పు గుర్తింపు మరో ప్రమాదం. కొడుకు కనపడక నెలల తరబడి తిరుగుతున్న తల్లి బట్టలు చూడగానే తన కొడుకువే అనేస్తుంది. ఏదో ఒకటి తేలిపోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. అందుకే వస్తువులు చూపించకముందే అడిగి రాసుకోవాలి: ఏ పన్ను ఊడింది, ఏ కాలు విరిగి అతికింది, పుట్టుమచ్చ ఎక్కడ, చొక్కా ఎవరు కుట్టారు. ఆ తరవాత అలాంటివే నాలుగు చొక్కాల మధ్య పెట్టి చూపించాలి. తప్పు పేరు పడితే నష్టం రెండు రకాలు. ఇక్కడి శవానికి అసలు పేరు ఇక దొరకదు, బతికున్నవాడి కోసం వెదకడం అక్కడ ఆగిపోతుంది.

అసలు చాలా శవాలకి పేరు దొరక్కపోవడానికి కారణం స్టేషనులో కూడా లేదు, ఇంట్లో ఉంది. గంజాం కుర్రాళ్ళు సూరత్ పోతారు. ఫోన్లు లేని రోజుల్లో ఇంటికి వాళ్ళ జాడ మనియార్డరే. ఒక నెల రాకపోతే పోస్టులో ఆలస్యం అనుకునేవారు. రెండో నెల రాకపోతే ఉత్తరం రాసేవారు. ఠాకురాణి జాతరకి వస్తాడులే అని ఇంకొన్నాళ్ళు చూసేవారు. జాతరకి ఊరంతా వచ్చి వాడొక్కడే రాకపోతే, అప్పుడు కాళ్ళ కింద నేల కదిలేది. స్టేషనుకి వెళ్ళేసరికి నెలలు దాటిపోయేవి. అప్పటికి ఇంకో జిల్లాలో, ఇంకో రాష్ట్రంలో ఆ శవాన్ని పూడ్చేసి, గుంట మీద గడ్డి కూడా మొలిచేది.

గుర్తు తెలియని శవాన్ని సాధారణంగా మూడు రోజులు ఉంచుతారు. మంచుగడ్డలు పేర్చి కాపాడిన రోజుల్లో అంతకంటే ఉంచడం సాధ్యమయ్యేది కాదు. ఆ తరవాత పూడ్చాలి, కాల్చకూడదు. రేపు ఎవరైనా వస్తే తవ్వి తీయడానికి ఎముక మిగలాలి. గుంట ఎక్కడ తీశారో కొలతలతో పటం గీసి ఫైల్లో పెట్టాలి, శవంతో పాటు నంబరు చెక్కిన రేకు ముక్క పెట్టాలి. కొయ్య పలక పెడితే రెండు వానలకి చెదలు తింటుంది. ఈ ఒక్క జాగ్రత్త లోపించి, వారసులు వచ్చిన రోజున ఏ గుంటో తెలియక వెనక్కి పంపాల్సి రావడం కంటే బాధ ఇంకోటి లేదు.

ఆధారం దొరకని కేసు ఒడిశాలో 'ఎఫ్‌ఆర్‌టీ, నో క్లూ' (కేసు నిజమే, ఆధారం లేదు) అని ముగుస్తుంది, ఆంధ్రాలో 'అన్‌డిటెక్టెడ్' అని. ముగిసిందంటే చచ్చిందని కాదు. హత్యకి కాలపరిమితి లేదు. పాత నేర విచారణ చట్టంలో 173(8), ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 193(9) కింద ఎప్పుడైనా మళ్ళీ తెరవొచ్చు. తెరిచే సరికి స్టేషను సామాన్ల గదిలో, అంటే మాల్‌ఖానాలో చొక్కా మిగలాలి కదా! గోనెసంచిలో కట్టి మూల పడేసిన బట్టలు చెదల పాలవుతాయి, చీటీ ఊడి ఏ కేసుదో తెలియని మూటలవుతాయి. మనిషి పేరు పోయాక బట్టల పేరు కూడా పోతుంది.

2019లో పార్లమెంటులో పెట్టిన డీఎన్‌ఏ బిల్లులో గుర్తు తెలియని శవాలకొక జాబితా, తప్పిపోయినవాళ్ళకొక జాబితా ఉండేవి. రెండూ కలిపి చూస్తే తండ్రి నెత్తురుతో కొడుకు ఎముక సరిపోల్చొచ్చు. ఆ బిల్లుని 2023లో వెనక్కి తీసుకున్నారు. అది మళ్ళీ రావాలి. కాకపోతే వచ్చేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఇంట్లోంచి మనిషి పోయి ఏళ్ళైనా సరే, తప్పిపోయినట్టు ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వొచ్చు, ఇచ్చాక నకలు తీసుకోవాలి. పోయిన తేదీ తరవాతి ఆరు నెలల అసహజ మరణాల రిజిస్టరు చూడమని గీతకి రెండు వైపులా స్టేషన్లలో రాతపూర్వకంగా అడగాలి: బరంపురం, గోపాలపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, వాటితో పాటు రైల్వే పోలీసులు. దరఖాస్తు రెండు భాషల్లోనూ రాయాలి. చెవులు కనిపించే ఫోటో, పళ్ళు కనిపించేలా నవ్వుతున్న ఫోటో, ఎముక విరిగినప్పటి ఎక్స్‌రే ఉంటే అది, చొక్కాలు కుట్టిన దర్జీ పేరు జతచేయాలి. తల్లిదండ్రులు పెద్దవాళ్ళైపోతుంటే వాళ్ళ నమూనా ఇప్పుడే తీయించమని కోర్టు ద్వారా అడగాలి. వాళ్ళు పోయాక సరిపోల్చడానికి దగ్గరి నెత్తురు దొరకదు.